గోల్కొండ ముట్టడి – చింతపిక్కల లెక్క

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరో రాసిన రూళ్లను ఫైళ్లకు అన్వయించడమే మన పని. రిటైరయ్యాక నేనే రూళ్లు రాశాను. అవి సెలవులకో పెన్షనుకో సంబంధించినవి కావు. 1687 నాటి గోల్కొండ ముట్టడిని భోజనాల బల్ల మీద మనవలతో ఆడించడానికి.

ఇది నా ఒక్కడి పిచ్చి కాదని మనవి. ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి 1824లోనే యుద్ధక్రీడకు నియమావళి తయారుచేశాడు. ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో బొమ్మ సిపాయిల ఆట మీద ఒక పుస్తకమే రాశాడు. ప్రాచీన, మధ్యయుగ యుద్ధాలను ఇలా ఆడుకునేవారికి బ్రిటన్‌లో 1965లో ఒక సంఘం కూడా ఏర్పడింది. మనకు చదరంగం ఎలాగూ ఉంది. కాని చదరంగంలో ఇరుపక్షాల బలం సమానం. ముట్టడికి మన పులిజూదమే సరైన నమూనా. మూడు పులులు, పదిహేను మేకలు. బలమూ వేరు, గెలుపూ వేరు.

ఔరంగజేబు ముట్టడి ఫిబ్రవరిలో మొదలై సెప్టెంబరు దాకా, సుమారు ఎనిమిది నెలలు సాగింది. పక్షానికొకటి చొప్పున పదహారు ఎత్తులు పెట్టాను. పాదుషా కోట పట్టుకోవాలి. తానీషా (రామదాసు కథలోని తానీషాయే) పదహారు ఎత్తులూ నిలబడితే చాలు, గెలిచినట్టే. వెలుపలి గోడ పొడవు పది కిలోమీటర్లు, బురుజులు 87. అన్నీ బల్ల మీద పట్టవు గనక ఎనిమిది దర్వాజాలు మాత్రం సుద్దముక్కతో గీశాను. బొమ్మల కొలువు పెట్టెలోంచి మట్టి సిపాయిలు, కొండపల్లి అంబారీ ఏనుగు దిగాయి.

పాచికలకు బదులు ఒకవైపు అరగదీసిన నాలుగు చింతపిక్కలు. అష్టాచెమ్మా ఆడినవారికి తెలుసు, రెండు తరచుగా పడుతుంది, అష్టా అరుదు. లెక్క వేస్తే రెండు పదహారింట ఆరుసార్లు, అష్టా పదహారింట ఒక్కసారి.

మొగలాయీలు సొరంగాల్లో పెట్టిన మందుగుండు వెనక్కి తన్ని వారి సైనికులనే చంపింది. పైన వానలు, శిబిరంలో తిండిగింజల కరువు. అందుకే నా రూళ్లలో ఫిరంగికన్నా ధాన్యానికి ఎక్కువ పేరాలు. తొమ్మిదో ఎత్తుకు మృగశిర కార్తె వస్తుంది. అక్కణ్ణించి పాదుషాకు గింజలు సగమే చేరతాయి. రాత్రివేళ నిచ్చెనలు వేసి గోడ ఎక్కబోతే కుక్క మొరిగి కోటవారిని లేపిందని ఖాఫీఖాన్ రాశాడు. మనవరాలు పట్టుబట్టడంతో కుక్కకూ ఒక రూలు వచ్చింది.

అసలు చిక్కు ద్రోహం దగ్గర. కోట ఫిరంగులకు లొంగలేదు. అబ్దుల్లాఖాన్ పణీ అనే సర్దారు లంచం తిని తలుపు తెరిచాడు. "తాతా, అంతసేపు బాగా ఆడి, పిక్కలు తిరగబడితే ఓడిపోవుడేంది? ఆ రూలు తీసెయ్యి" అన్నాడు పెద్ద మనవడు. తీసేస్తే అది గోల్కొండ కాదు. ఉంచితే తానీషా పక్షం ఆడేవారుండరు. చివరకు ఇలా డ్రాఫ్టు చేశాను: పాదుషా ఎత్తుకొకసారి ఒక సర్దారు పేర బంగారం పెట్టి పిక్కలు వేయవచ్చు, అష్టా పడితేనే తలుపు తెరుచుకుంటుంది. తానీషా తన కొట్టులోని ధాన్యం సర్దార్లకు పంచితే ఆ ఎత్తుకు లంచం చెల్లదు. పంచకుండా కూర్చుంటే పదహారు ఎత్తుల్లో ఒక్కసారైనా అష్టా పడే అవకాశం నూటికి 64. పంచుతూ పోతే గింజలు అయిపోతాయి. మనవడు దీనికి ఒప్పుకున్నాడు.

అబ్దుల్ రజాక్ లారీకి మాత్రం లంచం రూలు వర్తించదు. "ఆయనకొక్కడికే ఎందుకు?" అంటే, ఔరంగజేబు వేసి చూశాడు, పడలేదు అన్నాను. పాదుషా పంపిన ఫర్మానాను ఆయన అందరి ఎదుటా చింపేశాడట. తలుపు తెరిచిన రాత్రి డెబ్బై దాకా గాయాలు తగిలేవరకు పోరాడాడు. బతికాడు కూడా.

మా శాలిబండ మిత్రులు అక్కన్న మాదన్నలు ఎక్కడని అడుగుతారు. వారి పేరనే మా దగ్గర మహంకాళి గుడి ఉంది మరి. 1686 మార్చిలోనే వారిని చంపేశారు, అందుకని బల్ల మీద లేరు. రెవెన్యూ లెక్కలు తెలిసిన ఆ అన్నదమ్ములు ఉండి ఉంటే ధాన్యం కొట్లు ఎలా ఉండేవో అని నాలాంటి గుమాస్తాకు అనిపిస్తుంది. కావాలనుకున్నవారికి అనుబంధంలో, వారు బతికున్నట్టు భావించి, తానీషాకు మూడు ఎత్తుల ధాన్యం అదనంగా ఇచ్చాను.

రూళ్లు మొత్తం ఏడు పేజీలు. మనవలున్న సభ్యులు అడిగితే జిరాక్సు ఇస్తాను. చింతపిక్కలు మాత్రం మీరే అరగదీసుకోవాలి.