రేగడినేలలో బండ్లు

మంచు కురియు దేశములలో శీతకాలమునకు మోటారుకారు కొనువారు ఇంజను బలముకంటె ముందు విచారించునది చక్రము నేలను పట్టునా, జారునా యని. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రమున 2008 నుండి శీతకాలపు టైర్లు చట్టరీత్యా తప్పనిసరి. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో మంచు కురియదు. అయినను అక్కడివారికి ఈ విచారము క్రొత్తది కాదు. మంచునకు బదులు వారికి నల్లరేగడి కలదు.

నల్లమలకును ఎఱ్ఱమలకును నడుమ కుందూనది పారు ఈ పల్లపు సీమలో నేల వేసవియందు నెఱ్ఱెలు విచ్చును. వాన పడినచో నీటిని పీల్చి ఉబ్బి, జిగురై చక్రములకు అంటుకొనును. కావున ఇక్కడ వాహనమును ఎన్నుకొనుటలో ఋతువునకు పెద్దపాత్ర ఉండెడిది.

పూర్వము రాయలసీమలో దూరప్రాంతముల సరకు చాలవరకు ఎద్దుల వీపులపై సాగెడిది. లంబాడీల బిడారులు ఉప్పును, ధాన్యమును చేరవేసెడివి. బురదలో దిగిన కాలిని ఎద్దు పైకి తీసికొనగలదు. ఇరుసుదాక దిగిన బండి కదలదు. 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఆళ్లగడ్డకు సమీపముననున్న అహోబిలమును సేవించి శ్రీశైలమునకు పోయెను. ఆయన వాహనము బోయీలు మోసిన పల్లకి.

తరువాత నీటిమార్గము వచ్చినది. సుంకేశుల నుండి నంద్యాల మీదుగా కడపదాక మద్రాసు ఇరిగేషన్ కంపెనీ త్రవ్వించిన కాలువ సేద్యమునకే గాక పడవల రాకపోకలకును ఉద్దేశింపబడినది. కాని కంపెనీకి లాభము రాలేదు. 1882లో ప్రభుత్వము దానిని కొనెను. పిమ్మట నంద్యాలకు రైలు వచ్చెను. ఆళ్లగడ్డకు మాత్రము నేటికిని రోడ్డే ఆధారము.

ఇనుపపట్టా వేసిన సన్నని బండిచక్రము బరువునంతటిని కొద్దిచోట మోపి తడినేలను కోయును. గాలిటైరు ఆ బరువును విస్తరింపజేయును. టైరుబండ్లు వచ్చుటతో అదే ఎడ్లజత హెచ్చు బరువు లాగగలిగినది.

మోటారుకును ఇదే న్యాయము. మంచునేలపై టైరు రబ్బరు చలికి గట్టిపడక మెత్తగా ఉండవలెను. రేగడిలో టైరు గాళ్లు మట్టితో పూడినచో చక్రము నున్ననై జారును. అందుచేతనే ట్రాక్టరు వెనుకచక్రములకు ఎడమెడముగా ఎత్తైన పళ్లుండును. నాలుగుచక్రములకు శక్తినందించు కారు బురదనుండి కదలుటకు తోడ్పడును గాని, ఆగుటకు తోడ్పడదు. ఈ భేదము నెఱుగనివాడు మంచులోనైనను, రేగడిలోనైనను ప్రమాదమును కొనితెచ్చుకొనును.

నేడు నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా 40వ నంబరు జాతీయ రహదారి పోవుచున్నది. దానిపై ఏ కారైనను పోగలదు. ప్రసవవేదన పడు స్త్రీని తీసికొనిపోవలసినపుడు, తడియక ముందే ధాన్యమును చేర్చవలసినపుడు పరీక్ష జరుగునది రహదారి దిగిన పిమ్మట, పొలముల నడిమి మట్టిబాటలో. వాహనము కొనదలచినవారు ఆ బాటను వానకాలమున ఒకసారి నడచి చూచి, పిదప కొనుట మేలు.