పీక, పెదవి, గమకం

ధర్మపురి నరసింహస్వామి సన్నిధిలో సన్నాయి వింటూ పెరిగినవాణ్ణి. క్లారినెట్టును మాత్రం తొలుత పెళ్లి బ్యాండులోనే విన్నాను. ఈ పరదేశి వాద్యానికి మన గమకం ఎట్లా అబ్బిందన్నది నా కుతూహలం.

1700 ప్రాంతంలో జర్మనీలోని న్యూరెంబర్గులో డెన్నర్ అనే వాద్యనిర్మాత దీనికి రూపమిచ్చాడు. 19వ శతాబ్దంలో తంజావూరు మహాదేవ నట్టువనారు దీనిని నాట్యమేళంలో ప్రవేశపెట్టారంటారు. దీనిని కచేరీ వేదికపై నిలిపిన ఏ.కె.సి. నటరాజన్‌కు 2008లో సంగీత కళానిధి బిరుదు లభించింది.

సన్నాయిది జంట పీక. దానిని రెండు పెదవులూ పట్టాలి. క్లారినెట్టుది ఒంటి రీడు. పై పళ్లు మౌత్‌పీసుపై ఆనాలి. కింది పెదవి కింది పళ్లపైకి మడిగి, రీడుకు మెత్తలా అమరాలి. బుగ్గలు ఉబ్బరాదు. సన్నాయి విద్వాంసుని పెదవికైనా ఇక్కడ మళ్లీ ఓనమాలే!

రీడు గట్టితనాన్ని 1 మొదలు 5 వరకు, నడుమ అరలతో, అంకెలలో సూచిస్తారు. పెద్ద అంకె పెద్ద విద్వత్తుకు గుర్తనుకోవడం వట్టి భ్రమ. కొత్తవారికి 2 గాని 2½ గాని చాలు. మెత్తని రీడు పెదవికి లొంగి స్వరాన్ని జార్చనిస్తుంది. కాని పై స్థాయిలో శ్రుతి నిలవదు. గట్టిది శ్రుతిని నిలుపుతుంది, ఊపిరి ఎక్కువ కోరుతుంది, జారుకు అంత సులువుగా ఒప్పుకోదు. కనుక ఐరోపా వాదకుని అంకె మనవారికి ప్రమాణం కానక్కరలేదని నా అభిప్రాయం. మిత్రులారా, మీలో వాయించేవారుంటే మీరేమంటారు?