దస్తావేజు పుస్తకం నుంచి టెర్మినల్ లాగ్ వరకు: నమోదు, వడపోత, సాక్ష్యం

12.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు:

- భద్రాచలం ఏజెన్సీ భూముల విషయంలో నమోదుకు, తేదీకి ఉన్న ప్రాధాన్యం
- టెర్మినల్ సెషన్‌ను నమోదు చేసే పద్ధతి పరిణమించిన క్రమం
- నమోదైన లాగ్‌ను వడపోసి చూడటంలోని ప్రయోజనాలు, పరిమితులు

12.1 పరిచయం

భద్రాచలం వంతెన మీద నిలబడితే గోదావరికి ఒక ఒడ్డున భద్రాచలం, ఎదుటి ఒడ్డున సారపాక కనిపిస్తాయి. 1948 వరకు ఈ రెండు ఒడ్లు రెండు వేర్వేరు పాలనల కింద ఉండేవి. భద్రాచలం వైపు మద్రాసు ప్రభుత్వానిది, బూర్గంపాడు వైపు నిజాంది. 1956లో రెండూ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. 1959లో భద్రాచలం ప్రాంతాన్ని తూర్పు గోదావరి జిల్లా నుంచి ఖమ్మం జిల్లాలో కలిపారు.

పాలనలు వేరు కావటంతో గిరిజనుల భూములకు రక్షణ ఇచ్చే చట్టాలూ వేరుగానే వచ్చాయి. మద్రాసు వైపు 1917 నాటి ఏజెన్సీ భూబదలాయింపు చట్టం ఉండేది. హైదరాబాద్ వైపు 1949లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో 1959 రెగ్యులేషన్ అమలయింది. దానిని 1963లో తెలంగాణ ఏజెన్సీకి విస్తరించారు. '1/70 చట్టం'గా మనం పిలిచే 1970 సవరణ ఏజెన్సీలో గిరిజనేతరుల పేరిట జరిగే భూబదలాయింపులను చెల్లనివిగా చేసింది. అమ్మేవారు గిరిజనేతరులైనా ఇదే నియమం.

దుమ్ముగూడెంలోనో, బూర్గంపాడులోనో ఒక కోయ కుటుంబం తన పొలం కోసం కేసు వేసిందనుకోండి. అధికారి ముందు నిలిచే మొదటి ప్రశ్న 'ఈ భూమి ఎప్పుడు చేతులు మారింది?' అన్నది. 1958 అయితే ఒక చట్టం, 1965 అయితే మరొకటి, 1971 అయితే ఇంకొకటి. పుస్తకంలోని ఒక తేదీ పొలం ఎవరిదో తేలుస్తుంది. అందువల్ల నమోదు ఎలా జరిగింది, దానిలో కావలసినదాన్ని ఎలా వెతుకుతారు, ఎవరైనా మార్చితే ఎలా తెలుస్తుంది అన్నవి ఇక్కడ బతుకుతెరువుకు సంబంధించిన ప్రశ్నలు.

12.2 కాగితం మీద నమోదు, కాగితం మీద వడపోత

1908 రిజిస్ట్రేషన్ చట్టం ఈ ప్రశ్నలకు తన కాలానికి తగిన జవాబులు ఇచ్చింది. రిజిస్టరు పుస్తకాల పేజీలకు వరస సంఖ్యలు అచ్చులోనే ఉండాలి. పుస్తకంలో ఎన్ని పేజీలున్నాయో, దానిని జారీచేసిన అధికారి మొదటి పేజీలో ధ్రువీకరించాలి. ఒక పేజీ చింపితే వరస తెగుతుంది, తెగిన వరస కంటికి కనిపిస్తుంది.

వేల దస్తావేజుల్లో కావలసినదాన్ని వెతకటానికి అదే చట్టం సూచికలను ఏర్పరచింది. ఒక సూచిక మనుషుల పేర్ల ప్రకారం, మరొకటి ఆస్తి వివరాల ప్రకారం ఉంటుంది. మనం 'ఈసీ' అని పిలిచే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ ఈ వెతుకులాట ఫలితమే: ఫలానా ఆస్తి మీద, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నమోదైన లావాదేవీలు మాత్రమే అందులో ఉంటాయి. కంప్యూటర్ భాషలో చెప్పాలంటే ఇది వడపోత.

1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'కార్డ్' పథకంతో రిజిస్ట్రేషన్ శాఖ పనిని కంప్యూటరీకరించటం మొదలుపెట్టింది. సూచికలను చేతితో తిరగేసే పని తెర మీది అన్వేషణగా మారింది. దీనితో ఒక కొత్త ప్రశ్న కూడా పుట్టింది. సిరాతో రాసినదాన్ని కొట్టివేస్తే మచ్చ మిగులుతుంది. కంప్యూటర్‌లో పాత విలువ స్థానంలో కొత్త విలువ రాస్తే, ప్రత్యేకంగా ఏర్పాటు చేయకపోతే ఏ మచ్చా మిగలదు.

ఈ ఏర్పాటు రెండు స్థాయిల్లో ఉండాలి. కౌంటర్‌లో పనిచేసేవారు అప్లికేషన్ ద్వారా డేటాను మారుస్తారు. ఆ మార్పులను అప్లికేషన్ లేదా డేటాబేస్ నమోదు చేయగలదు. సర్వర్‌ను నిర్వహించేవారు మాత్రం అప్లికేషన్‌తో పని లేకుండా నేరుగా టెర్మినల్‌లో ఆదేశాలు ఇవ్వగలరు. వారి పనికి సాక్ష్యం కావాలంటే టెర్మినల్ సెషన్‌నే నమోదు చేయాలి.

12.3 టెర్మినల్ నమోదు: పరిణామ క్రమం

కాగితపు చుట్ట: 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ పని ప్రారంభించినప్పుడు వారి ముందున్నది టెలిటైప్ యంత్రం. మనిషి కొట్టిన ఆదేశం, కంప్యూటర్ ఇచ్చిన జవాబు రెండూ కాగితపు చుట్ట మీద అచ్చయ్యేవి. మోడల్ 33 టెలిటైప్ సెకనుకు 10 అక్షరాలు అచ్చువేసేది. సెషన్ నమోదుకు వేరే ఏర్పాటు అక్కరలేదు. యూనిక్స్‌లో టెర్మినల్‌కు నేటికీ ఉన్న 'టీటీవై' అనే పేరు టెలిటైప్ నుంచి వచ్చిందే.

గాజు తెర: తరవాత వీడియో టెర్మినళ్లు వచ్చాయి. 1978 నాటి వీటీ100 తెర మీద 24 వరసలు పట్టేవి. 25వ వరస రాగానే మొదటిది పైకి జరిగి మాయమయ్యేది. వేగం పెరిగింది గాని కాగితం ఇచ్చిన సాక్ష్యం పోయింది.

స్క్రిప్ట్ ఆదేశం: ఈ లోటును తీర్చటానికి 3.0 బీఎస్‌డీ యూనిక్స్‌లో 'స్క్రిప్ట్' అనే ఆదేశం వచ్చింది. దానిని ప్రారంభించిన తరవాత తెర మీద కనిపించే ప్రతి అక్షరం 'టైప్‌స్క్రిప్ట్' అనే ఫైలులో చేరుతుంది. లైనక్స్‌లో దీనికి సమయాల ఫైలును జోడించారు. ఎంత వ్యవధి తరవాత ఎన్ని అక్షరాలు వచ్చాయో అందులో ఉంటుంది. దాని ఆధారంగా 'స్క్రిప్ట్‌రీప్లే' సెషన్‌ను మళ్లీ తెర మీద ఆడిస్తుంది.

సుడో: నిర్వాహకుడి అధికారంతో ఆదేశాలు నడపటానికి వాడే 'సుడో'ను 1980 ప్రాంతంలో రాశారు. కొంతకాలానికి ఆ అధికారంతో నడిచిన సెషన్‌ను నమోదు చేసే సౌకర్యం, దానిని చూపే 'సుడోరీప్లే' సాధనం దానిలో చేరాయి. మామూలు అమరికలో ప్రతి సెషన్‌కు ఆరు స్థానాల వరస సంఖ్య పడుతుంది. అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిపి 36 గుర్తులు వాడటం వల్ల 217 కోట్లకు పైగా సంఖ్యలు వస్తాయి. 1908 చట్టం పేజీలకు సంఖ్యలు వేయించిన ఉద్దేశం ఇక్కడా నెరవేరుతుంది: మధ్యలో ఒక సెషన్ మాయమైతే వరస తెగుతుంది.

12.4 లాగ్‌ను వడపోసి చూడటం

లాగ్ ఉండటం వేరు, అందులో కావలసినది దొరకటం వేరు. యూనిక్స్‌లో వెతుకులాటకు పునాది 1973లో పడింది. ఒక ఆదేశం ఫలితాన్ని మరో ఆదేశానికి అందించే 'పైపు', ఒక నమూనాకు సరిపోయే వరసలను మాత్రమే చూపే 'గ్రెప్' ఆ ఏడాదే వచ్చాయి.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకొందాం. ఒక కార్యాలయ సర్వర్‌లో ఏడాదికి 4,000 సెషన్లు నమోదయ్యాయి. జూన్ రెండో వారంలో ఒక సర్వే నంబరు ఎదుట పట్టాదారు పేరు మారింది. అప్లికేషన్ లాగ్‌లో దాని జాడ లేదు. సుడోరీప్లేతో ఇలా వెతకవచ్చు:

1. జాబితా ఐచ్ఛికం వాడి 'ఈ తేదీ నుంచి', 'ఈ తేదీ వరకు' అన్న షరతులు పెట్టాలి. 4,000 సెషన్లలో 70 మిగిలాయనుకొందాం.
2. నడిపిన ఆదేశంలో డేటాబేస్ సాధనం పేరు ఉన్నవాటినే అడగాలి. 6 మిగిలాయి.
3. జాబితాలో ప్రతి సెషన్ ఎదుట సమయం, వాడుకరి పేరు, టెర్మినల్, డైరెక్టరీ, సెషన్ సంఖ్య, ఆదేశం ఉంటాయి. వీటిని బట్టి చూడవలసిన సెషన్‌ను ఎంచుకోవాలి.
4. ఆ సెషన్ సంఖ్య ఇచ్చి మళ్లీ ఆడించాలి. వేగాన్ని రెట్టింపు చేయవచ్చు. సుదీర్ఘ విరామాలను ఒక సెకనుకు కుదించవచ్చు. స్పేస్ నొక్కి ఆపవచ్చు.

తేదీలు, పేర్లు, ఆస్తి వివరాలతో ఈసీ తీసిన గుమాస్తా చేసిన పనినే ఈ సాధనం చేస్తున్నది.

12.5 పరిమితులు

మొదటిది: లాగ్ తన దారిలో వచ్చినదాన్నే పట్టుకొంటుంది. తెల్లకాగితం మీద రాసుకొన్న సాదాబైనామా రిజిస్టరులో కనిపించనట్లే, సుడో ద్వారా జరగని పని సుడో లాగ్‌లో కనిపించదు.

రెండోది: నమోదు జరిగినదాన్ని చెబుతుందే గాని దాని వెనక ఉన్నదాన్ని చెప్పదు. గిరిజనుల పేరిట జరిగే బినామీ లావాదేవీ పుస్తకంలో సక్రమంగానే కనిపిస్తుంది. అలాగే ముందే రాసిపెట్టిన ఆదేశాల ఫైలును నడిపితే లాగ్‌లో ఒక్క వరసే ఉండవచ్చు. వేరొకరి పాస్‌వర్డ్‌తో చేసిన పని వారి పేరిటే పడుతుంది.

మూడోది: వడపోత కూడా పొరపాటు చేయవచ్చు. టైప్‌స్క్రిప్ట్‌లో అక్షరాలతో పాటు బ్యాక్‌స్పేస్‌లు, రంగుల సంకేతాలు చేరుతాయి. ఒక మాటను తప్పుగా కొట్టి దిద్దితే, తెర మీద సరిగా కనిపించిన ఆ మాట గ్రెప్‌కు దొరకకపోవచ్చు. 'ఫలితాలు లేవు' అంటే 'జరగలేదు' అని అర్థం కాదు.

నాలుగోది: సర్వర్ మీద పూర్తి అధికారం ఉన్నవారు అదే సర్వర్‌లోని లాగ్‌ను చెరిపివేయగలరు. అందుకే లాగ్‌ను వేరొక యంత్రానికి, వేరొకరి బాధ్యతకు పంపాలి. 2020లో వచ్చిన సుడో 1.9లో ఇందుకు ప్రత్యేక లాగ్ సర్వర్ ఉంది.

ఐదోది: కొట్టిన అక్షరాలను కూడా నమోదు చేస్తే, తెర మీద కనిపించని పాస్‌వర్డ్‌లు సైతం లాగ్‌లో చేరే ప్రమాదం ఉంది. కాబట్టి లాగ్‌ను ఎవరు చూడవచ్చో కూడా నిర్ణయించి, వారి పేర్లను రాసి ఉంచాలి.

12.6 సారాంశం

టెలిటైప్ కాగితం మీద దానంతటదే మిగిలిన సాక్ష్యం గాజు తెరతో పోయింది. స్క్రిప్ట్, సుడో వంటి సాధనాలు దానిని తిరిగి తెచ్చాయి. వరస సంఖ్య, సూచిక, తేదీల మధ్య వెతుకులాట, వేరుగా భద్రపరచటం అన్న సూత్రాలు కాగితానికీ కంప్యూటర్‌కూ ఒకటే. ఏ సాధనం ఇచ్చిన ఫలితాన్నయినా చరిత్ర విద్యార్థి ఏ ఆధారాన్నయినా పరీక్షించే తీరులోనే పరీక్షించాలి. దీనిని ఎవరు రాశారు, ఏది రాయలేదు, మార్చే అవకాశం ఎవరికి ఉంది అని అడగాలి. ఏజెన్సీలో ఒక పొలం మీద హక్కు ఈ ప్రశ్నల జవాబు మీద ఆధారపడి ఉండవచ్చు.

12.7 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వరసల్లో సమాధానాలు రాయండి.
1. టెర్మినల్ సెషన్ నమోదు పద్ధతుల పరిణామాన్ని వివరించండి.
2. సెషన్ లాగ్‌ను సాక్ష్యంగా వాడటంలోని పరిమితులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వరసల్లో సమాధానాలు రాయండి.
1. 1908 చట్టంలోని పేజీ సంఖ్యలను, సుడో సెషన్ సంఖ్యలను పోల్చండి.
2. భద్రాచలం, బూర్గంపాడు ప్రాంతాల భూవివాదాల్లో తేదీ ఎందుకు ముఖ్యం?
3. మీ గ్రామంలోని ఒక సర్వే నంబరుకు ఈసీ తీసి, అందులో ఏ షరతులతో వడపోత జరిగిందో గుర్తించండి.