గివ్ అప్

"అమ్మా, గివ్ అప్ అంటే ఏమిటి?" అన్నాడు మావాడు. "వదిలెయ్యడం" అనేసి పోపు పనిలో పడ్డాను. తీరా ఆలోచిస్తే, విశాఖలో ఉంటూ ఆ మాటకు ఒక్క అర్థంతో సరిపెడితే ఎలా!

1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం అమృతరావుగారు నిరాహారదీక్ష పట్టారు, చివరికి విరమించారు. అదీ గివ్ అప్పే. ఫ్యాక్టరీ కోసం ఊళ్ళకు ఊళ్ళే భూములు వదులుకున్నాయి. అదీ గివ్ అప్పే. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, జాతికి అంకితమయ్యేసరికి 1992 వచ్చింది. అన్నాళ్ళూ జనం ఆశ మాత్రం చంపుకోలేదు. గివ్ అప్ చెయ్యకపోవడమంటే అదీ!

అంతా విని మావాడు, "మరి భూములిచ్చినవాళ్ళ పేర్లేవీ మా పాఠంలో లేవేం?" అన్నాడు.

ఇంగ్లీషు సందేహమైతే తీర్చగలిగాను గానీ, దీనికేం చెప్పను?