గంజి పోసిన వారూ, అక్షరం చెప్పిన వారూ

(ఆకాశవాణి మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



దానం అనగానే మన ఆడవాళ్లకు ముందు గుర్తొచ్చేది అన్నదానమే. పెద్దల తద్దినానికో, పిల్లల పుట్టినరోజుకో నలుగురికి ఇంత అన్నం పెడితే గానీ మనసు ఊరుకోదు. మంచిదే. కానీ ఆకలి తీర్చడంతో సగం పనే అవుతుందనీ, మిగతా సగం వేరే ఉందనీ మన చరిత్ర చెబుతోంది. ఆ రెండు సగాల గురించీ ఈ పూట మాట్లాడుకుందాం.

మాది పాములపాడు. ఇప్పుడు మా మండలంలోని బానకచర్ల దగ్గర శ్రీశైలం నీళ్లు కాలువలుగా చీలిపోతుంటాయి. ఆ కాలువల కింది వరిచేలు చూసినవాళ్లకు ఇది కరువు సీమ అంటే నమ్మబుద్ధి కాదు. కానీ 1866లో సంగతి వేరు. వానలు మొహం చాటేశాయి. జొన్న లేదు, కొర్ర లేదు. జనం పిల్లల్ని చంకనేసుకుని ఊళ్లు వదిలారు. అప్పుడు ఆళ్లగడ్డ వైపు ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి గారు తన గాదెలు తెరిచారు. ఎవరు వచ్చినా, ఏ కులమని అడక్కుండా, రోజూ వేలమందికి గంజి పోయించారని మా వైపు నేటికీ చెప్పుకుంటారు. ఆ దాతృత్వానికి విక్టోరియా రాణి పేరిట ఆయనకు బంగారు పతకం వచ్చింది.

వేలమందికి గంజి అంటే మాటలా చెప్పండి! మనం పదిమందికి వండాలంటేనే నడుం పట్టుకుంటుంది. గింజలు దంచాలి, విసరాలి, నీళ్లు మోయాలి, కట్టెలు చేర్చాలి. ఆ రోజుల్లో దంచడం, విసరడం ఆడవాళ్ల పనే కదా. పతకం మీద వాళ్ల పేర్లు లేవు గానీ, ఆ పుణ్యంలో వాళ్ల రెక్కల కష్టం కూడా ఉండే ఉంటుంది.

అయితే పట్టుమని పదేళ్లు తిరక్కుండానే 1876లో ధాత కరువు వచ్చిపడింది. 1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లాలో తొమ్మిది లక్షలకు పైగా ఉన్న జనం, 1881 నాటికి ఏడు లక్షల లోపుకు పడిపోయారు. అంటే నలుగురిలో ఒకరు లేరన్నమాట! ఆ తర్వాత, స్వాతంత్ర్యం వచ్చాక కూడా, 1952 కరువులో రాయలసీమలో మళ్లీ గంజి కేంద్రాలు తెరవాల్సి వచ్చింది. గంజి ఆ పూట ప్రాణం నిలబెడుతుంది. మళ్లీ గిన్నె పట్టుకుని నిలబడే అవసరం రాకుండా చేయాలంటే నీళ్లు కావాలి, పని కావాలి, చదువు కావాలి.

ఆ చదువు పనిని భుజాన వేసుకున్న తెలుగు ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి వద్దని తేల్చి చెప్పారు. చిన్నతనంలోనే బడి వదిలేసినా, హిందీ నేర్చుకుని తోటి ఆడవాళ్లకు నేర్పారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. జైలు నుంచి వచ్చాక, అప్పుడు కూర్చుని బెనారస్ మెట్రిక్ పరీక్షకు చదివి ప్యాసయ్యారు.

తను ప్యాసైతే చాలనుకోలేదు ఆవిడ. మద్రాసులో తనలాగే చదువు ఆగిపోయిన అమ్మాయిలను చేరదీసి, అదే పరీక్షకు తయారుచేశారు. 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభ అలా పెరిగిందే. అందులోనే ఆసుపత్రులు, వృత్తి శిక్షణ, కళాశాలలు వచ్చాయి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆవిడే మొదటి అధ్యక్షురాలు. 1958లో ఆ మండలి పెద్ద వయసు స్త్రీల కోసం సంక్షిప్త విద్యా కోర్సులు పెట్టింది. బడి మానేసిన ఆడవాళ్లు ఏళ్ల చదువును తక్కువ కాలంలో పూర్తిచేసుకుని పరీక్ష రాసేవారు. పల్లెలకు టీచరమ్మలు, నర్సులు, గ్రామసేవికలు కావలసిన రోజులవి. నిన్న సాయం కోసం వచ్చిన మనిషి, రేపు పదిమందికి సాయం చేసే మనిషి కావాలన్నది ఆవిడ ఆలోచన.

నేనూ మెట్రిక్‌తో ఆగినదాన్నే. అందుకే ఆవిడ కథ నాకు అంత దగ్గరగా తోస్తుంది. వెంగళరెడ్డి గారిలా గాదెలు తెరవడానికి మన దగ్గర గాదెలు లేవు. దుర్గాబాయి గారిలా సంస్థలు నడపడం అందరివల్లా కాదు. కానీ మన ఇంట్లో అంట్లు తోమే మనిషి కూతురు ఏ తరగతిలో ఉందో మనలో ఎందరికి తెలుసు? పండక్కి ఆ పిల్లకు పాత పరికిణీ ఇస్తాం, పులిహోర పెడతాం. లెక్కల్లో తప్పి బడి మానేస్తే మాత్రం, పాపం అని ఊరుకుంటాం.

ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటి దగ్గర చదువుకుని పదో తరగతి రాసే వీలు ఇప్పుడుంది. ఫీజు గడువు ఎప్పుడో కనుక్కోవాలి, ఫారం నింపిపెట్టాలి, వారానికి నాలుగు రోజులు దగ్గర కూర్చోబెట్టుకుని చదివించాలి. వంటిల్లు సర్దుకున్నాక మధ్యాహ్నం ఓ గంట చాలు. మన వీధిలో అలాంటి పిల్ల ఒక్కతైనా ఉంటుంది. రేపు పనిమనిషి వచ్చినప్పుడు, కాఫీ ఇస్తూ ఆ పిల్ల సంగతి ఒకసారి అడిగి చూడండి.