ఏలూరు తివాచీ: వలస వచ్చిన పనితనం, స్థిరపడిన పరిశ్రమ

ఉపోద్ఘాతం

ఒక ప్రాంతపు పరిశ్రమల చరిత్రను పాలకుల పేర్లతోను, వర్తక సంస్థల పేర్లతోను రాయడం పరిపాటి. పనివారి వలసలకు అందులో చోటు తక్కువ. కొల్లేటికి ఉత్తరాన, తమ్మిలేరు ఒడ్డున ఉన్న ఏలూరులోని ఉన్ని తివాచీల నేత ఈ లోటును గుర్తుచేస్తుంది. పర్షియా నుంచి వచ్చిన ముస్లిం నేతగాళ్లు ఈ పనిని ఇక్కడ నెలకొల్పారన్నది వాడుకలో ఉన్న కథనం. ఆ కారణంగా దీనిని పరాయి కళ అనవచ్చునా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

వలసకు దారి

గోల్కొండ కుతుబ్‌షాహీ వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం వాడు. 16, 17 శతాబ్దులలో ఇరానీ పండితులు, వైద్యులు, అధికారులు, వర్తకులు ఆ రాజ్యానికి వచ్చారు. వారి సముద్రద్వారం మచిలీపట్నం. ఏలూరు ఆ రేవుకు దూరం కాదు. 1687లో గోల్కొండ మొగలుల వశమైన తరువాత కూడా ఏలూరు ఉత్తర సర్కారులలో ఒకదానికి కేంద్రంగా నిలిచింది. పనివారు రావడానికి దారి, వచ్చినవారిని నిలుపుకోవడానికి పోషణ ఇక్కడ రెండూ ఉన్నాయి.

పని స్వరూపం

ఇది సాధారణ వస్త్రపు నేత కాదు. మగ్గానికి నూలు పడుగు బిగించి, పోగుల జతకు ఉన్ని ముడివేసి కోస్తారు. ఒక వరుస ముడులు పూర్తయ్యాక పేక వేసి గట్టిగా దట్టిస్తారు. కొసలను సమంగా కత్తిరిస్తే మెత్తని నూగు తేలుతుంది. చదరపు అంగుళానికి ఎన్ని ముడులన్నది నాణ్యతకు ముఖ్యమైన కొలత. నేతగాడికి పూలతీగ అంటే ఏ ముడికి ఏ రంగు అన్న లెక్క. ఏళ్ల తరబడి చేతులకు అలవడే ఈ విద్యే వలసదారులు వెంట తెచ్చిన పెట్టుబడి.

స్థానికత

ముడి పర్షియాదైనా తక్కిన సరంజామా ఈ నేలది. దక్కనులో గొర్రెల ఉన్ని ఉంది; ఎరుపుకు చిరివేరు, నీలానికి నీలిమందు ఈ తీరంలో ప్రసిద్ధాలు. నమూనాల పేర్లు మరింత విలువైన సాక్ష్యం. హషిం పక్కన గోపాలరావు, రామచంద్ర ఖానీ కనిపిస్తాయి. ఇవి పోషకుల పేర్ల మీదుగా వచ్చాయని చెబుతారు. ‘రామచంద్ర’కు ‘ఖానీ’ చేరిన ఆ ఒక్క పేరులోనే రెండు సంస్కృతుల కలయిక ఉంది.

క్షీణత

1851 లండన్ మహాప్రదర్శనతో ఏలూరు తివాచీకి విదేశీ గుర్తింపు వచ్చింది. గిరాకీతోపాటు తొందర, చౌకదనం కూడా వచ్చాయి. 1856లో పెర్కిన్ కనుగొన్న రసాయన రంగుతో మొదలైన మార్పు వేరు రంగులను వెనక్కు నెట్టింది. జైళ్లలో నేయించిన తివాచీలు పోటీకి దిగాయి. 1880లో జార్జ్ బర్డ్‌వుడ్ మచిలీపట్నం తివాచీలు ఆంగ్లేయుల గిరాకీ వల్లనే చెడిపోయాయని విమర్శించాడు. 1908లో హెన్రీ హారిస్ దక్షిణాది తివాచీల నేతపై ప్రత్యేక గ్రంథమే రాశాడు.

ముగింపు

ఈ పరిశ్రమను దెబ్బతీసింది దాని పరాయి పుట్టుక కాదు, నైపుణ్యానికి తగిన ధర దక్కకపోవడం. 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఏర్పడిన తాడేపల్లిగూడెం ఏలూరుకు పొరుగునే ఉంది. నేడు ఈ డెల్టా నుంచి చదువుకున్న నైపుణ్యం విదేశాలకు వెళుతోంది. వెళ్లినవారిని అక్కడ ఎలా గుర్తించాలని ఈ ప్రాంతం కోరుకుంటుందో, తన దగ్గరకు వచ్చిన నేతగాళ్లను తన చరిత్రలో అలాగే గుర్తించాలి.