నిప్పునకు జంకని తీగ

భవనము నూరేండ్లు నిలుచును. దాని గోడల వెంబడి పోవు విద్యుత్తీగలు అంతకాలము నిలువవు. విద్యుద్దీపములు క్రొత్తగా వచ్చిన దినములలో రాగితీగకు రబ్బరు తొడిగి, పైన నూలు అల్లి, కొయ్యపట్టీలలో దాచి గోడకు బిగించెడివారు. మన పాతయిండ్లలో అట్టి కొయ్యపట్టీలను చూచినవారు చాలమంది కలరు. రబ్బరు కాలక్రమమున ఎండి బీటలు వారును. నూలును కొయ్యయు నిప్పు తగిలినచో మండును. వెలుగు నిచ్చుటకు వచ్చిన తీగయే అగ్నికి త్రోవ చూపునేమో యని నాటకశాలలు, ఓడలు, ప్రదర్శనశాలలు నడుపువారు భయపడుచుండిరి. మండు వస్తువు ఒక్కటియు లేని తీగను చేయవచ్చునా యను ప్రశ్న అందుండి పుట్టినది.

ఈ ప్రశ్నకు సమాధానము చూపినవాడు ఆర్నాల్డ్ ఫ్రాన్స్వా బొరెల్ అను స్విట్జర్లండు దేశీయుడు. లోహపు గొట్టములో తీగను నిలిపి, రబ్బరునకు బదులుగా గాజుపొడి, రాతిపొడి, ఆస్బెస్టాసు వంటి ఖనిజములను కూరవచ్చునని చెప్పి, ఆయన 1896లో పేటెంటు పొందెను. ఊహ అప్పుడు పుట్టినను, అది అంగడి సరుకగుటకు మరి మూడున్నర దశాబ్దములు పట్టినది. ఫ్రాన్సులోని సొసియెటె అల్సాసియెన్ అను యంత్రనిర్మాణ సంస్థ దానిని తీర్చిదిద్దగా, 1932లో వ్యాపారసరళిని ఉత్పత్తి మొదలయ్యెను. పారిస్ నగరమందలి లూవ్ర్ ప్రదర్శనశాలలోను, 1935లో తొలి ప్రయాణము చేసిన నార్మండీ యను మహానౌకలోను ఈ తీగను వాడిరి. ఆ హక్కులను కొని, 1937లో పైరోటెనాక్స్ అను బ్రిటిషు సంస్థ ఉత్పత్తి ప్రారంభించెను. బ్రిటనులోని పనివారు నేటికిని ఈ తీగను ముద్దుగా ‘పైరో’ అనియే పిలుతురు.

దీనిని చేయు విధము మన కంసాలికి క్రొత్త కాదు. లావుపాటి రాగి గొట్టములో రాగి కడ్డీలను నిలువుగా అమర్చి, వాని నడుమ మెగ్నీషియం ఆక్సైడు అను తెల్లని పొడిని దట్టింతురు. పిమ్మట కంసాలి వెండికడ్డీని కమ్మచ్చులో దూర్చి లాగి సన్నపుతీగ చేసినట్లు, ఆ గొట్టమును అంతకంతకు చిన్నవగు రంధ్రముల గుండ లాగుదురు. లాగినకొలది రాగి బిరుసెక్కును గనుక నడుమ నడుమ కాచి మెత్తబరుతురు. గొట్టము సన్నబడును, పొడవు పెరుగును, లోని పొడి రాయివలె గట్టిపడును. రాగి సుమారు 1085 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద గాని కరుగదు. ఆ పొడికి 2800 డిగ్రీల వేడి కావలయును. ఇల్లంతయు మండుచున్నను, జనులు బయటపడువరకు మెట్లపై దీపములు వెలుగుటకు, హెచ్చరిక గంటలు మ్రోగుటకు ఇట్టి తీగను నమ్మవచ్చునన్నమాట.

అయినను దాని శక్తికొక హద్దు కలదు. నార్మండీ నౌక 1942 ఫిబ్రవరి 9న న్యూయార్కు రేవులో కాలిపోయెను. కారణము తీగ కాదు. లోహము కోయు పనిలో ఎగిరిన నిప్పురవ్వలు ప్రాణరక్షక కవచముల కుప్పపై పడినవి. ఈ తీగ తాను నిప్పునకు ఆహారము కాదు. ఇతరుల అజాగ్రత్తను అది ఆపజాలదు.

ఇంతటి తీగకును శత్రువు ఒకటి కలదు. అది గాలిలోని చెమ్మ. వానకాలమున మూత తీసిన జాడీలో ఉప్పు చెమ్మగిల్లుట గృహిణు లెరిగినదే. రాగి తొడుగు చెడనంతవరకు లోని పొడికి భయము లేదు. దానిని కోసిన క్షణము నుండి ఆ పొడి చెమ్మను పీల్చనారంభించును. చెమ్మ చేరినచోట విద్యుత్తు తీగనుండి తొడుగునకు కారును. కావున ఈ తీగ బలమంతయు దాని కొనలను మూయుటలో నున్నది. పాత భవనమున దానిని పొడిగింపవలసినప్పుడు ఈ సంగతి స్పష్టముగ తెలియును.

ఇంగ్లాండులోని పురాతనపు చర్చీలను చూడుడు. అచ్చట ఈ తీగను విరివిగా వాడిరి. సన్నని దగుటచే శిల్పపు టంచుల వెంబడి వంగి పోవును. రాగి నల్లబడి రాతిలో, కొయ్యలో కలిసిపోవును. గోడను తొలువ నక్కర లేదు. కొన్ని దశాబ్దముల పిమ్మట దీపమును మరియొక చోటికి మార్చవలసి వచ్చినదనుకొందము. తీగనంతను పెరికి క్రొత్తది వేసినచో పాత గోడకు గాయములగును. అతికినచో గోడ నిలుచును, కాని భారమంతయు అతుకుపై పడును.

అతుకువాడు విద్యుత్తు ఆపి, ఆగినదని పరీక్షించి, తీగను కోయును. కొన చెమ్మగిల్లినచో కొద్ది అంగుళములు నరికివేయును, లేదా లోపలినుండి కొనవైపునకు బ్లోల్యాంపుతో కాచుచు చెమ్మను వెలికి తరుమును. తొడుగు ఒలిచి, దానిపై చిన్న ఇత్తడి గిన్నెను మరచుట్లతో బిగించును. గిన్నెలో రాగిరజను రవ్వంతయు లేకుండ దులిపి, మైనపుముద్ద వంటి పదార్థమును ఒక ప్రక్కనుండియే నొక్కుచు నింపును. రెండు ప్రక్కల నుండి నొక్కినచో నడుమ గాలి చిక్కుకొనును. ఇట్లు పాత కొనను, క్రొత్త కొనను వేరువేరుగా మూసి, తీగకు తీగ కలిపి, పైన ఇత్తడి గొట్టము బిగించును. ఈ తీగకు రాగి తొడుగే ఎర్తు గనుక ఆ బిగింపు వదులైనచో దీపము వెలుగుచునే యుండును, రక్షణ మాత్రము పోవును.

పాత పనిలో మరి రెండు చిక్కులు కలవు. లోని తీగలకు రంగు లేదు. ఏది ఏదియో పరీక్షించి తెలిసికొని రంగుల తొడుగులు వేయవలయును. బ్రిటనులో ఆ రంగులే మారినవి: ఎరుపునకు గోధుమ, నలుపునకు నీలము 2004లో అంగీకృతమై, 2006 నుండి తప్పనిసరి యైనవి. నేటి నలుపు రంగునకు అర్థము వేరు. పాతకొన, క్రొత్తకొన కలియుచోట ఇది మరచినవాడు ప్రాణములతో చెలగాట మాడినట్లే. రెండవది, ఒకసారి వంచిన రాగిని పదేపదే సాగదీసి వంచినచో బిరుసెక్కి విరుగును.

పని ముగిసిన పిమ్మట 500 వోల్టుల మెగ్గరుతో పరీక్షింతురు. మంచి పనివాడు అంతటితో తృప్తిపడడు. మరునాడు మరల పరీక్షించును. మూత సరిగా లేనిచో చెమ్మ ఆ రాత్రియే లోనికి ప్రవేశించి, ముల్లు క్రిందికి దిగును.

ఈ విద్య మన యిండ్లకు దూరము కాదు. నీళ్లు కాచుకొను విద్యుత్ కడ్డీలో, వేడితీగకును పై గొట్టమునకును నడుమ నున్నది ఆ తెల్లని పొడియే. కడ్డీ మూత పగిలి చెమ్మ చేరినచో నీటిలోనికి విద్యుత్తు కారవచ్చును. అట్టి కడ్డీని ఎండబెట్టి వాడుటకంటె పారవేయుట మేలు. 1896లో బొరెల్ అగ్నిని గెలుచు ఉపాయమును కనుగొనెను. చెమ్మను గెలుచు పని మాత్రము ప్రతి అతుకు వద్దను, ప్రతి పనివాని చేతిలోను, మరల మొదటినుండి చేయవలసియే యున్నది.